టీబీ తగ్గిన ఊపిరితిత్తిలో ఫంగస్ ఉండ: మళ్ళీ టీబీయేనా, బిళ్ళలతో పోతుందా, కోయించాలా?

మీరు రాసింది నాకు అర్థమైన మేరకు ఇది. నాన్నగారికి 58 ఏళ్ళు. 2016లో టీబీ వస్తే ఆరు నెలల మందులు ఒక్క పూట మానకుండా వాడారు, తగ్గింది. ఇప్పుడు నాలుగు నెలలుగా దగ్గు. నాలుగైదు కిలోలు తగ్గారు. రెండుసార్లు కళ్ళెలో రక్తం పడింది. కఫం పరీక్షలో క్రిములు కనబడకపోయినా ఎక్స్‌రే చూసి ఒకరు "తిరగబెట్టింది" అని టీబీ మందులు రాశారు, మీరింకా మొదలుపెట్టలేదు. ఇంకోచోట సీటీ తీస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో కేవిటీ (కన్నం), అందులో ఫంగల్ బాల్ (ఫంగస్ ఉండ) అని వచ్చింది. ఒకరు ఆపరేషన్ అంటున్నారు, ఒకరు బిళ్ళలు చాలంటున్నారు. పిల్లలకి అంటుతుందేమోనని అమ్మగారు గ్లాసూ కంచం వేరు పెట్టారు. గేదెల్ని అమ్మేయమని చుట్టాలు చెబుతున్నారు.

ముందు సూటిగా జవాబులు.

ఇది చాలావరకు టీబీ తిరగబెట్టడం కాదు. టీబీ పోతూ పోతూ వదిలిన కన్నంలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు చేరింది. ఇంట్లో ఎవరికీ అంటదు. 2021లో అందర్నీ హడలగొట్టిన బ్లాక్ ఫంగస్ ఇది కాదు, అది వేరే జాతి, దాని నడక వేరు. ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు, కానీ నాన్నగారికి రెండుసార్లు రక్తం పడింది కాబట్టి ఆ మాట పక్కన పెట్టేయడానికీ లేదు. టీబీ మందుల విషయంలో తొందర వద్దు. మీరు చెప్పింది మైక్రోస్కోపు కింద చూసే మామూలు కఫం పరీక్షే అయితే అది చాలదు; సీబీనాట్‌కీ (క్రిమి డీఎన్‌ఏని వెతికే పరీక్ష), కల్చర్‌కీ (క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) కఫం పంపించి, ఆ కాగితాలతో ఛాతీ డాక్టరుని కలవండి. మీలాంటి స్థితిలోనే ఉండి ఇప్పటికే టీబీ మందులు మొదలుపెట్టినవాళ్ళు దీన్ని చదువుతుంటే, నా మాట పట్టుకుని మీ అంతట మీరు ఆపకండి.

నేను ఇరవై రెండేళ్ళుగా ఛాతీ జబ్బులు చూస్తున్నాను, అందులో మొదటి తొమ్మిదేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో. ఇక్కడ రాసేది ఆ అనుభవంతోనే. నాన్నగారి సీటీ ఫిల్మ్ నేను చూడలేదన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు జరిగిందేమిటో. టీబీ క్రిమి ఊపిరితిత్తి కండని తినేసినప్పుడు ఆ చచ్చిన భాగం జున్నుముక్కలా మెత్తబడి, దగ్గుతోపాటు బయటికి పోతుంది. మిగిలేది కన్నం. ఇది ఎక్కువగా పైభాగంలోనే ఉంటుంది, ఎందుకంటే టీబీకి ఇష్టమైన చోటు అదే. మందులతో క్రిమి చస్తుంది, కన్నం మాత్రం కొందరికి పూడుతుంది, కొందరికి గోడ గట్టిపడి అలాగే ఉండిపోతుంది. మంచి ఊపిరితిత్తిలోకి దుమ్ము వెళ్తే లోపలి సన్నటి నూగు ఊడ్చి పైకి తోసేస్తుంది, కాపలా కణాలు మిగిలినదాన్ని మింగేస్తాయి. ఈ కన్నంలో ఊడ్చే నూగూ లేదు, కాపలా కణాలు సరిగ్గా చేరేంత రక్తప్రసారమూ లేదు. వెచ్చగా, చెమ్మగా, గాలి తగులుతూ ఉంటుంది. పాడుబడ్డ ఇంట్లో గబ్బిలాలు చేరాయంటే తప్పు గబ్బిలాలదా?

ఈ బూజు బీజాలు ఎక్కడో ఉండేవి కావు. గడ్డివాములో, పెంటకుప్పలో, తడిసిన ధాన్యంలో, ఏసీ ఫిల్టర్లో, గోడ చెమ్మలో, అంతటా ఉంటాయి. ఒక్కో బీజం 2 నుంచి 3 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో దాదాపు ఇరవయ్యో వంతు. మీరూ నేనూ రోజూ వందల కొద్దీ పీలుస్తున్నాం. పెంటకుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడిలో కూడా బతికే జాతి ఇది, మన ఒంటి వేడి దానికి ఒక లెక్క కాదు. కన్నంలో పడ్డ బీజం మొలిచి, నూలుపోగుల్లాంటి తీగలు వేసి, వాటికి కఫం, చచ్చిన కణాలు, రక్తపు చారలు కలిసి ఒక ఉండలా చుట్టుకుంటుంది. ఆపరేషన్‌లో బయటికి తీసినప్పుడు చూస్తే తడిసిన మట్టిబెడ్డలా, గోధుమ రంగులో, చిదిపితే చిదిరిపోయేలా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఇంతేనా అనిపించింది నాకు.

పేరు గురించి ఒక ముక్క. 1729లో మికేలి అనే ఇటలీ పాదిరీ దీన్ని భూతద్దం కింద చూసి, చర్చిలో తీర్థం చిలకరించే పరికరంలా ఉందని ఆ పేరు పెట్టాడు. మన పెళ్ళిళ్ళలో పన్నీరు బుడ్డి ఉంటుందే, దాని తలకాయలా ఉంటుందనుకోండి. 1842లో ఎడింబరోలో బెన్నెట్ అనే డాక్టరు క్షయ రోగి ఊపిరితిత్తిలో ఈ బూజుని వర్ణించి రాశాడు. అంటే క్షయకీ దీనికీ చుట్టరికం కొత్తదేం కాదు. టీబీ క్రిమిని కాక్ కనిపెట్టింది 1882లో, దానికి నలభై ఏళ్ళ ముందే ఈ జంట కంటబడింది.

ఎంతమందికి వస్తుందని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. 1960ల్లో బ్రిటన్‌లో, టీబీ తగ్గాక రెండున్నర సెంటీమీటర్లు లేదా అంతకన్నా పెద్ద కన్నం మిగిలిన 544 మందిని పరీక్షిస్తే, నలుగురిలో ఒకరి రక్తంలో ఈ ఫంగస్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు కనిపించాయి. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే ఆ వాటా ఇంకా పెరిగింది. ఈ మధ్య, 2019లో, ఉగాండాలోని గులు ఊరి నుంచి వచ్చిన అధ్యయనం ఇంకా స్పష్టంగా చెప్పింది: టీబీ తగ్గినవాళ్ళలో ఎక్స్‌రేలో కన్నం ఉన్నవారికి ఏడాదికి నూటికి 6.5 మంది చొప్పున ఈ జబ్బు కొత్తగా మొదలవుతోంది. కన్నం లేనివారిలో అది 0.2 మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య తేడా చూశాక నేను ఒక పని నియమంగా పెట్టుకున్నాను. టీబీ కోర్సు ముగిసిన రోజున కఫంతో సరిపెట్టకుండా ఎక్స్‌రే కూడా తీయించి, కన్నం ఉంటే ఆ మాట పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసి ఇస్తాను. "మీకు టీబీ తగ్గింది, కానీ ఇక్కడ కన్నం ఉంది, మళ్ళీ దగ్గు వస్తే ముందు ఈ చీటీ చూపించండి" అని. మన దగ్గర "కోర్సు అయిపోయింది, ఇక రానక్కర్లేదు" అని పంపేయడమే ఎక్కువ.

ఇప్పుడు మళ్ళీ టీబీ అని ఎందుకు పొరబడతారో. లక్షణాలన్నీ అవే. దగ్గు, నీరసం, బరువు తగ్గడం, రక్తం. జ్వరం పెద్దగా ఉండదు, కానీ పాత టీబీలో కూడా అలాగే ఉండొచ్చు. ఎక్స్‌రేలో అదే పైభాగం, అవే మచ్చలు. పైగా సీబీనాట్ మెషీన్ క్రిమి డీఎన్‌ఏని వెతుకుతుంది, ఆ క్రిమి బతికుందా చచ్చిందా అన్నది దానికి తెలీదు. టీబీ మందులు ఈ మధ్యే పూర్తిచేసినవాళ్ళలో చచ్చిన క్రిమి ముక్కల్ని పట్టుకుని "ఉంది" అని చెప్పే అవకాశం ఉంది. అందుకే కల్చర్ కూడా కావాలంటాను. అందులో బతికున్న క్రిమే పెరుగుతుంది. ఆరు వారాలు పట్టొచ్చు, అయినా పంపాలి.

మిరపకాయల యార్డులో హమాలీ పని చేసే ఆయన ఒకరు నా దగ్గరికి వచ్చారు. పదేళ్ళలో మూడుసార్లు టీబీ కోర్సు వాడారు. మొదటిసారి మాత్రమే కఫంలో క్రిమి దొరికింది. మిగతా రెండుసార్లు ఎక్స్‌రే చూసి, రక్తం పడిందని రాసినవే. నాలుగోసారి వచ్చినప్పుడు పాత కాగితాలన్నీ వరసగా పరిచి చూస్తే, ఆ మూడు కోర్సుల్లో రెండోది రాసింది నేనే. నా చేతిరాతే. ఆ రోజుల్లో మా దగ్గర సీటీ లేదు, యాంటీబాడీ పరీక్ష పేరు కూడా ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అది సాకే. ఎక్స్‌రేలో కన్నం లోపల నిండుగా, పైన నెలవంకలా గాలి కనబడుతూనే ఉంది, నేనే చూడలేదు. మూడు కోర్సుల మందులు తిన్న కాలేయంతో, కాళ్ళ తిమ్మిర్లతో ఆయన వచ్చి కూర్చున్నారు.

అందుకే పరీక్షల సంగతి కాస్త వివరంగా.

సీటీలో ఉండ కనిపించింది సరే. కన్నంలో ఉండలా కనబడేవి ఇంకా ఉన్నాయి. గడ్డకట్టిన రక్తం, పగిలిన హైడాటిడ్ తిత్తి (ఒక రకం పురుగు వల్ల వచ్చే నీటితిత్తి), అన్నిటికన్నా ముఖ్యంగా క్యాన్సర్ గడ్డ. నాన్నగారు చుట్టో బీడీయో కాల్చేవారైతే దీన్ని తప్పకుండా తేల్చుకోవాలి. ఒక చిన్న ఉపాయం ఉంది. వెల్లకిలా పడుకోబెట్టి ఒకసారి, బోర్లా పడుకోబెట్టి ఒకసారి సీటీ తీస్తే ఫంగస్ ఉండ చాలాసార్లు డబ్బాలో గోళీలా అటునుంచి ఇటు దొర్లుతుంది. గడ్డ అయితే గోడకి అంటుకునే ఉంటుంది. దొర్లకపోతే ఫంగస్ కాదని కాదు, కానీ అప్పుడు ఇంకా లోతుగా చూడాలి.

రక్తపరీక్ష పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్యుమిగేటస్ ఐజీజీ. చివరి అక్షరం జాగ్రత్తగా చూసుకోండి. ల్యాబుల్లో పొరపాటున "ఐజీఈ" చేసి ఇస్తారు. అది ఆస్తమా ఉన్నవారిలో వచ్చే ఫంగస్ ఎలర్జీకి చేసే పరీక్ష, దీనికి కాదు. నెలకి ఒకరైనా ఆ తప్పు రిపోర్టు పట్టుకుని వస్తారు, డబ్బు దండగ. ఐజీజీకి మన దేశంలో ఎక్కువగా వాడే ఒక పద్ధతిలో 27 దాటితే పాజిటివ్‌గా తీసుకుంటున్నాం. ఇది చండీగఢ్‌లోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి పీజీఐ వాళ్ళు మన రోగుల మీదే చూసి తేల్చిన అంకె. వేరే కంపెనీ కిట్ అయితే హద్దు వేరు కాబట్టి రిపోర్టులో పద్ధతి పేరు చూడాలి. గెలాక్టోమానన్ అని రక్తంలో ఇంకో పరీక్ష రాస్తుంటారు, మీ నాన్నగారి లాంటి కేసులో దానివల్ల పెద్దగా తేలేదేమీ లేదు.

కఫంలో ఫంగస్ పెరిగినంత మాత్రాన జబ్బు అనుకోవడానికి లేదు, గాలిలోదే పడి ఉండొచ్చు. పెరగకపోతే జబ్బు లేదనీ కాదు.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. రిపోర్టులో "ఫంగల్ బాల్" అని ఒకటే మాట ఉంటుంది, కానీ దాని వెనక రెండు వేర్వేరు జబ్బులుంటాయి. ఒకటి: ఒకే కన్నం, ఒకే ఉండ, చుట్టూ ఊపిరితిత్తి బాగానే ఉంది, నెలల తరబడి ఫిల్మ్ మారదు, మనిషి బరువు తగ్గడు. రెండోది: ఒకటికి మించి కన్నాలు, గోడలు దళసరిగా, చుట్టూ ప్లూరా (ఊపిరితిత్తి పై పొర) మందంగా, మూణ్ణెల్లకి పైగా దగ్గు, బరువు తగ్గడం, ఏడాది కిందటి ఫిల్మ్‌తో పోలిస్తే కన్నం పెద్దదైంది. ఈ రెండోదాంట్లో ఫంగస్ ఊరికే కూర్చోలేదు, నెమ్మదిగా ఊపిరితిత్తిని తింటోంది. ఒక డాక్టరు ఆపరేషన్ అని, ఇంకొకరు బిళ్ళలు అని అనడానికి ఈ తేడా కారణమై ఉండొచ్చు. ఇద్దరిలో ఒకరు తప్పని అనుకోకండి.

మొదటి రకంలో ఏమీ చేయకపోవడం కూడా ఒక వైద్యమే. రిటైరైన టీచరమ్మ ఒకరు పదకొండేళ్ళుగా నాలుగు సెంటీమీటర్ల ఉండతో నా దగ్గరికి వస్తున్నారు. మోకాళ్ళ ఆపరేషన్‌కి ముందు తీసిన ఎక్స్‌రేలో బయటపడింది. దగ్గు లేదు, రక్తం లేదు. ఆర్నెల్లకోసారి చూస్తాను. "నా అద్దెకున్నవాడు ఎలా ఉన్నాడు డాక్టరుగారూ" అని అడుగుతారు ఆవిడ. ఆ అద్దెవాణ్ణి వెళ్ళగొట్టడానికి బిళ్ళలు ఇచ్చి ఆవిడ కాలేయాన్ని పాడుచేయడం తెలివైన పని కాదు.

నాన్నగారిది అలా వదిలేసే కేసు కాదు. బరువు తగ్గారు, రక్తం పడింది.

బిళ్ళల గురించి. మొదట వాడేది ఇట్రాకొనజోల్, మామూలుగా 200 మి.గ్రా. పొద్దునా రాత్రీ. ఇది ఉండని కరిగించదు. ఉండ మధ్యలోకి రక్తమే వెళ్ళదు, మందెలా వెళ్తుంది? ఇది చేసేది చుట్టుపక్కల గోడని తినకుండా ఆపడం, దగ్గు, నీరసం తగ్గించడం, బరువు నిలబెట్టడం. చండీగఢ్‌లో 2013లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, రెండో రకం జబ్బున్న 31 మందిలో ఆర్నెల్లు ఈ మందు వాడినవారిలో నూటికి 76 మంది మెరుగయ్యారు, వాడనివారిలో 36 మంది. వాడకపోయినా మూడోవంతు మంది కుదుటపడ్డారన్నది కూడా చూడండి. 2022లో అదే ఆసుపత్రివాళ్ళు 164 మందితో ఆర్నెల్లు, ఏడాది పోల్చారు. రెండేళ్ళలోపు తిరగబెట్టింది ఆర్నెల్లు వాడినవారిలో 38 శాతం, ఏడాది వాడినవారిలో 10 శాతం. అప్పటినుంచి నేను ఏడాదికే రాస్తున్నాను. మూడో నెలకి దగ్గు తగ్గగానే మానేస్తామనేవాళ్ళకి ఈ రెండు అంకెలు కాగితం మీద రాసి చూపిస్తాను.

ఈ మందు వాడేటప్పుడు తప్పులు జరిగేది రోజువారీ విషయాల్లోనే:

గ్యాస్ బిళ్ళ. మామూలు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కడుపులో ఆమ్లం ఉంటేనే ఒంటికి పడుతుంది. మన ఇళ్ళల్లో పరగడుపున గ్యాస్ బిళ్ళ వేసుకోవడం కాఫీ తాగినంత అలవాటు. ఒకాయనకి నాలుగు నెలలు మందిచ్చినా గుణం లేదు. రక్తంలో మందు స్థాయి చూస్తే దాదాపు సున్నా. ఇంట్లో అడిగితే, ఊళ్ళో ఆరెంపీ ఇచ్చిన గ్యాస్ బిళ్ళ రోజూ రెండుపూటలా. అది మాన్పించి, భోజనం చేస్తూ మధ్యలో వేసుకోమన్నాను, నెలలో తేడా కనిపించింది. సూబా అనే కొత్త రకానికి ఈ ఇబ్బంది తక్కువ. కానీ దాని మి.గ్రా. అంకె వేరుగా ఉంటుంది, మెడికల్ షాపులో "అదీ ఇదీ ఒకటే" అని మార్చి ఇస్తే తీసుకోకండి. మొదలుపెట్టిన రెండు వారాలకి రక్తంలో మందు స్థాయి చూడటం మంచిది, దొరికే ఊళ్ళో ఉంటే.

రిఫాంపిసిన్. టీబీ మందుల్లో ముఖ్యమైనది. ఇది కాలేయాన్ని రెచ్చగొట్టి ఇట్రాకొనజోల్‌ని రక్తంలో నిలవనివ్వదు. "ఏదైతే అదే, రెండూ వాడేద్దాం" అని రెండు చీటీలూ కలిపి వాడేవాళ్ళున్నారు. అలా చేస్తే ఫంగస్ మందు వాడనట్టే. నాన్నగారికి టీబీ ఉందో లేదో ముందు తేల్చుకోమని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

గుండె బలహీనంగా ఉన్నవారికి ఇట్రాకొనజోల్ ఇవ్వకూడదు. వాడుతుండగా పాదాలు వాస్తే, ఆయాసం పెరిగితే వెంటనే చెప్పాలి. కొలెస్ట్రాల్ బిళ్ళల్లో సిమ్వాస్టాటిన్ దీంతో అసలు కలపకూడదు, మిగతావి డాక్టరుకి చూపించి. ఆయాసానికి బుడెసోనైడ్, ఫ్లుటికజోన్ ఉన్న ఇన్‌హేలర్ వాడుతుంటే ఆ స్టెరాయిడ్ ఒంట్లో పేరుకుపోయి మొహం ఉబ్బి, షుగర్ పెరుగుతుంది. ఇది నా రోగి ఒకావిడకి జరిగింది, ఇన్‌హేలరే కదా అని నేనే పట్టించుకోలేదు. కాలేయ పరీక్ష మొదట్లో ఒకసారి, తర్వాత నెలకోసారి కొన్నాళ్ళు. ఇట్రాకొనజోల్ పడకపోతే వోరికొనజోల్ ఉంది. అది వాడేవాళ్ళు ఎండలో తిరిగితే చర్మం కమిలిపోతుంది, కొందరికి కళ్ళముందు రంగులు కదులుతాయి. పొలం పని చేసే మనిషికి మన ఎండల్లో అది ఇవ్వాలంటే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

ఇక రక్తం. దీన్ని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ జబ్బులో మనిషి ఉన్నట్టుండి పోయేది దీనివల్లే.

ఊపిరితిత్తికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. గుండె కుడివైపు నుంచి వచ్చేది తక్కువ ఒత్తిడిది. బృహద్ధమని నుంచి నేరుగా వచ్చే సన్నటి బ్రాంకియల్ ధమనులది ఎక్కువ ఒత్తిడి. కన్నం చుట్టూ ఏళ్ళ తరబడి వాపు ఉండటంతో ఈ రెండో రకం నాళాలు లావెక్కి, మెలికలు తిరిగి, గోడలోకి పాకుతాయి. అక్కడ ఒరుసుకుపోయి చిల్లు పడితే కారేది మోటారు పైపు నీళ్ళలా వస్తుంది. మనిషి చనిపోయేది రక్తం పోయి కాదు, ఆ రక్తం మంచి ఊపిరితిత్తిలోకి కూడా నిండి ఊపిరాడక. అందుకే ఇవి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి:

రక్తం ఎక్కువగా పడితే నాన్నగారిని కుడివైపుకి తిప్పి పడుకోబెట్టండి. జబ్బున్న వైపు కిందికి ఉండాలి, అప్పుడు రక్తం మంచివైపుకి పారదు. వెల్లకిలా పడుకోబెట్టి నీళ్ళు పట్టకండి. రక్తాన్ని మింగనివ్వకుండా ఒక గ్లాసులో ఉమ్మమనండి, ఎంత పడిందో డాక్టరుకి అదే సాక్ష్యం. చారలుగా, చెంచాడు పడితే మర్నాడు డాక్టరు దగ్గరికి. పావు గ్లాసో, అంతకు మించో పడితే, లేదా కొంచెమే అయినా ఆగకుండా పడుతుంటే, అప్పుడే 108. ఊళ్ళో రక్తం ఆగే ఇంజెక్షన్ చేయించి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. యాంజియోగ్రామ్ చేసే క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఆసుపత్రి మీకు ఎక్కడ దగ్గరో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి. గుండెకని ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ఆ సంగతి మొదటిమాటగా చెప్పాలి.

అక్కడ చేసేది ఎంబొలైజేషన్. గజ్జల్లోని నాళం గుండా సన్నటి గొట్టం పంపి, కారుతున్న బ్రాంకియల్ ధమనిలోకి ఇసుకరేణువుల్లాంటివి వదిలి మూసేస్తారు. చాలామందికి అప్పటికప్పుడు ఆగుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళు చెయ్యాలి, ఎందుకంటే వెన్నుపాముకి వెళ్ళే నాళం ఆ పక్కనే ఉండొచ్చు. అది మూసుకుపోతే కాళ్ళు పడిపోతాయి. చాలా అరుదు, కానీ సంతకం పెట్టేటప్పుడు తెలిసి పెట్టాలి. ఫంగస్ ఉండ ఉన్నవారిలో ఇది శాశ్వతం కాదు. కన్నం, ఉండ అక్కడే ఉన్నాయి, కొన్ని నెలలకి పక్కటెముకల నాళాల నుంచి కొత్త దారులు పడతాయి.

ఒకాయనకి అలా ఆపి, "ఊపిరి బలం బాగానే ఉంది, నెలలోపు ఆపరేషన్ చేయించుకుందాం" అన్నాం. ఆగిపోయింది కదా, నాట్లు అయ్యాక వస్తానన్నారు. సంక్రాంతి ముందు రాత్రి మళ్ళీ పడింది. ఆసుపత్రికి నలభై కిలోమీటర్లు. దారిలోనే పోయారు. వాళ్ళబ్బాయి తర్వాత ఫైలు తీసుకుపోవడానికి వచ్చాడు.

ఆపరేషన్ అంటే ఆ కన్నం ఉన్న తమ్మెని, అంటే ఊపిరితిత్తిలో ఆ భాగాన్ని, మొత్తంగా తీసేయడం. ఒకవైపే జబ్బు, మిగతా ఊపిరితిత్తి బాగుంది, ఊదే పరీక్షలో బలం సరిపోతుంది, రక్తం పడుతోంది. ఈ నాలుగూ కలిస్తే నేను ఆపరేషన్ వైపే మొగ్గుతాను, అదొక్కటే ఉండనీ కన్నాన్నీ కలిపి తీసేసే మార్గం. రెండువైపులా కన్నాలుంటే, నాలుగడుగులకే ఆయాసం వస్తుంటే ఆ మాట ఎత్తను. పాత టీబీ ఊపిరితిత్తి మామూలు ఊపిరితిత్తి కాదు. పై పొర ఛాతీగోడకి సిమెంటు వేసినట్టు అతుక్కుని ఉంటుంది. విడదీసేటప్పుడు రక్తం బాగా పోతుంది, తీసేశాక మిగిలిన భాగం ఆ ఖాళీని నింపలేక రోజుల తరబడి గాలి లీకవుతుంది. కాబట్టి సర్జనుని మొహమాటపడకుండా ఒకటే అడగండి: "పాత టీబీ, ఫంగస్ ఉండ కేసులు మీరు ఎన్ని చేశారు?" ఖర్చు విషయంలో ఆరోగ్యశ్రీ కార్డుంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి.

మీరు రాసినదాన్నిబట్టి నాన్నగారికి నా వరస ఇది: కల్చర్‌తో టీబీ సంగతి, దొర్లించే సీటీతో క్యాన్సర్ సంగతి, ఐజీజీ, షుగర్, గుండె ఎకో, ఊదే పరీక్ష. ఇవన్నీ పది రోజుల్లో అయ్యేవే, కల్చర్ తప్ప. ఊపిరి బలం బాగుండి కన్నం ఒకటే అయితే సర్జను దగ్గరికి ఇప్పుడే, పెద్దగా రక్తం పడేదాకా ఆగకుండా. కాకపోతే ఏడాది ఇట్రాకొనజోల్, రక్తం మళ్ళీ పడితే ఎంబొలైజేషన్. ఆయాసానికని ఊళ్ళో ఇచ్చే స్టెరాయిడ్ బిళ్ళలు, ఇంజెక్షన్లు మాత్రం ఈ మధ్యలో వద్దు. ఆకలి పుడుతుంది, హుషారు వస్తుంది, లోపల ఫంగస్‌కి పండగ.

అమ్మగారిని గ్లాసూ కంచం కలిపేయమనండి. ఫంగస్ ఉండ మనిషి నుంచి మనిషికి రాదు. ఆ మాటకొస్తే టీబీ కూడా కంచంతో అంటదు, దగ్గు తుంపరలతో అంటుతుంది. కల్చర్ వచ్చేదాకా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గమనండి చాలు.

గేదెల్ని అమ్మొద్దు. బూజు పట్టిన గడ్డివాము దులపడం, పెంటకుప్ప తిరగెయ్యడం, తడిసిన తౌడు బస్తాలు విప్పడం ఈ పనులు ఇంకెవరైనా చూసుకోవాలి. తప్పనిసరైతే ఎన్95 మాస్కు కట్టుకుని. పాలు పితకడానికి, మేపడానికి అడ్డేమీ లేదు. నా రోగుల్లో ఒకాయన డాక్టరు చెప్పాడని పాడి మొత్తం అమ్మేసి, ఇంట్లో చెమ్మగోడ పక్కన మంచం వేసుకుని పడుకునేవారు. గోడంతా నల్లటి బూజు.

ఇంకొక్కటి. 2016లో కోర్సు అయ్యాక తీసిన ఎక్స్‌రే ఇంట్లో ఎక్కడైనా ఉందేమో వెతకండి, అటక మీదో, బీరువా వెనకో. మడతపడినా, మరకలు పడినా ఫర్వాలేదు. అప్పుడే కన్నం ఉందా, ఎంత ఉంది, లోపల ఖాళీగా ఉందా అన్నది ఇప్పటి సీటీ పక్కన పెట్టి చూస్తే, పైన చెప్పిన రెండు రకాల్లో నాన్నగారిది ఏదో సగం తేలిపోతుంది. దొరికితే కిటికీ వెలుతురుకి పెట్టి ఫోటో తీసి, పేరు, ఐడీ కనబడకుండా చెరిపి, ఐజీజీ రిపోర్టుతో పాటు ఇక్కడ పెట్టండి. చూస్తాను.